పులి బొమ్మ దగ్గర ఆగిన కథ

గైడు పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "సార్, ఏదైనా సలహా చెప్పండి" అంటుంటారు. ముప్పై ఏళ్లు అదే పని చేసినవాడికి సలహాలకేం కొదవ? కానీ నా సలహాలన్నీ నా తప్పుల్లోంచి పుట్టినవే. సలహా చెబితే తప్పూ చెప్పాల్సి వస్తుంది. అందుకని ఇన్నాళ్లూ టీ ఇచ్చి పంపించేస్తూ వచ్చాను. ఈసారి రాసిమ్మన్నారు. కాగితం మీద టీ ఇచ్చి పంపే వీల్లేదు కదా!

డెబ్భైల చివరి రోజులు. హన్మకొండలో మా పర్యాటక శాఖకు ఒక గది, ఒక కౌంటరు, ఒక జీపు ఉండేవి. నా హోదా 'సమాచార సహాయకుడు'. సమాచారం అంతంతమాత్రం కాబట్టి సహాయం మీదే నెట్టుకొచ్చేవాణ్ణి. ఆ రోజుల్లో మా ఊళ్లో గైడంటే పరీక్షల ముందు కొనుక్కునే పుస్తకం. నేనూ ఆ బాపతే. ముఖ్యమైన ప్రశ్నలకు జవాబులు కంఠతా వచ్చు, అసలు పాఠం చదవలేదు.

మాది మట్టెవాడ. నాన్న మిషన్ దవాఖానలో కాంపౌండరు. మిషన్ బడిలో అబ్బిన ఇంగ్లీషు పుణ్యాన, ఆదివారం చర్చికి పోయే నాకు మిగతా ఆరు రోజులూ గుళ్ల గురించి చెప్పే కొలువు దొరికింది. ఏ స్తంభం మీద ఏ బొమ్మ ఉందో పుస్తకంలో చూసి నేర్చుకున్నాను. పుస్తకంలో లేనిది ఎవరైనా అడిగితే నాకో మంత్రం ఉండేది: 'నో ప్రాబ్లం'. ఏ ప్రశ్నకూ అది జవాబు కాదు, కానీ అడిగినవాళ్లు మళ్లీ అడిగేవారు కాదు.

మా మేనేజరు మంచివాడే. జీపంటే మాత్రం ప్రాణం. సాయంత్రం నాలుగయ్యేసరికి జీపు ఆఫీసు ముందు ఉండాలన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క నియమం. నాలుగు తర్వాత ఆ జీపు ఆయన ఇంటివాళ్లకు మా జిల్లాలోని కూరగాయల అంగళ్లను చూపించేది. అదీ పర్యటనే. డ్రైవరు ధర్మసాగర్ దిక్కువాడు. నాకంటే పదేళ్లు పెద్ద, నాకంటే పదింతలు తెలిసినవాడు. కాకపోతే అడిగితే తప్ప చెప్పడు.

ఆ రోజుల్లో ఒకావిడ వచ్చింది. స్వీడన్ దేశం. వయసు అరవైకి దగ్గర. అక్కడేదో బడిలో పిల్లలకు నేత నేర్పి రిటైరైందట. పొడుగు మనిషి, పెద్ద పెద్ద చేతులు, మెడలో కెమెరా. వరంగల్లో రెండు రోజులుండి, మూడో రోజు మధ్యాహ్నం కాజీపేటలో మద్రాసు బండెక్కి కంచికి పోవాలని ఆవిడ ఏర్పాటు. కంచిలో పట్టు మగ్గాలు చూడాలన్నది ఆవిడకు చిన్నప్పటి కోరిక.

మొదటి రోజు గుడీ కోటా చూపించాను. ఆవిడ వింటూనే ఉంది గానీ, శిల్పంలోని నర్తకి ముఖం కంటే నర్తకి కట్టిన బట్ట మడతల మీదే చూపు నిలిపింది. సాయంత్రం, "రేపు మగ్గాలు చూపిస్తారా? నేసే మనుషులతో మాట్లాడాలని ఉంది" అంది.

"నో ప్రాబ్లం" అన్నాను.

మర్నాడు జీపులో ధర్మసాగర్ దాటి, లోపలికి ఓ నేతవాళ్ల ఊరికి తీసుకెళ్లాను. వాడకట్టు మొదట్లోనే మగ్గాల చప్పుడు చెవుల్ని నింపేస్తుందని దారంతా వర్ణిస్తూ వచ్చాను. జీపు ఆగింది. ఎక్కడో కోడి కూసింది. అంతే, ఇంకే చప్పుడూ లేదు. ఏ ఇంట్లో చూసినా మగ్గం మీద గుడ్డ కప్పి ఉంది. మగవాళ్లంతా తలలంటుకుని అరుగుల మీద తీరిగ్గా కూర్చున్నారు.

కులపెద్ద లేచి వచ్చాడు. బక్కపలుచని మనిషి, నోట్లో ఆకు.

"ఏం సారూ, గియ్యాల్ల వచ్చిండ్రు? అమాస గదా!"

"అమావాస్యయితే ఏమైంది?"

అరుగులన్నీ ఒక్కసారిగా నవ్వాయి.

"అమాసనాడు మగ్గం ముట్టం సారూ. గిది గూడ తెల్వదా? మీదేడ?"

"మట్టెవాడ."

"మట్టెవాడనా! మరి దొరసానమ్మది?"

"స్వీడన్."

"అయితే ఇద్దరిది దూరమే" అన్నాడు పెద్దమనిషి.

నేను డ్రైవరు వైపు తిరిగి పళ్లు నూరాను. "నీకు తెలుసా అమావాస్య సంగతి?"

"తెల్సు సారూ."

"మరి చెప్పొద్దా?"

"మీరు అడగలేదు. మీరు గైడు గదా అని ఊకున్న."

ఆవిడకు సంగతి చెప్పాను. చిన్నబుచ్చుకోలేదు. మగ్గాలకు కూడా సెలవు ఉండటం బాగుందంది. కులపెద్ద భార్య, అందరూ పెద్దవ్వ అని పిలిచే ముసలామె, లోపలికి రమ్మని గుంట మగ్గం మీది గుడ్డ తీసి చూపించింది. ముట్టకూడదన్నారు కాబట్టి ఆవిడ నిలువునా బిగించిన పడుగు మీద చెయ్యి వెయ్యలేదు. పోగులకు బెత్తెడు ఎత్తున అరచెయ్యి అలా పోనిచ్చి, తల పక్కకు వంచి, బిగువెంతో కంటితోనే చూసుకుంది. పెద్దవ్వ అది పట్టేసింది.

"ఈమె మనామెనే" అంది. ఆ తర్వాత వాళ్లిద్దరికీ నా ఇంగ్లీషుతో గానీ తెలుగుతో గానీ పెద్దగా పని పడలేదు.

అక్కడే కథ మొదలైంది. వాడకట్టు నడుమ చిన్న పందిరి, దాని కింద వెదురు చట్రం. పక్కన ఒక ముసలాయన, ఆయన భార్య, మద్దెలతో ఆయన తమ్ముడు. వాళ్లు పటం కథ చెప్పేవాళ్లు. నేతవాళ్ల కులపురాణాన్ని గజాల కొద్దీ బట్ట మీద బొమ్మలుగా రాయించుకుని, చట్రానికి వేలాడదీసి, ఒక్కో బొమ్మా విప్పుతూ పాడతారు. ఏడాదికోసారి అమావాస్య చూసుకుని ఈ ఊరికొస్తారు. ఆ రోజు పొద్దు వంగాక కథ మొదలు. పెద్దవ్వ తమ మూలపురుషుడు పులినెక్కి వస్తాడని కథలో కొంత చెప్పేసరికి, "ఆ బొమ్మ చూడొచ్చా?" అని ఆవిడ ఆశగా అడిగింది.

గడియారం చూశాను. మూడు కావస్తోంది. పొద్దు వంగేదాకా ఆగితే నాలుగింటికి జీపు చేరదు. పొద్దున్నుంచీ ఆవిడకు గుడ్డ కప్పిన మగ్గాలు తప్ప ఏమీ చూపించలేకపోయానన్న ఉడుకు లోపల ఉండనే ఉంది. కులపెద్ద అన్నానికి లేచాడు. వాడకట్టంతా భోజనాల దగ్గరుంది. నేను పందిరి దగ్గరికి నడిచాను.

"తాతా, ఆ పులి బొమ్మ ఒక్కటి తెరిచి, ఓ పాట పాడు. మాకు అరగంటే ఉంది."

ముసలాయన లేచి నిలబడ్డాడు. "పొద్దు వంగినంక సురువు చేత్తం సారూ. మూడు దినాల కత."

"మూడు రోజులు మాకెక్కడివి? పులి ఒక్కటి చాలు."

"నడిమిట్ల తెరవద్దు సారూ. మొదలు గణపతి బొమ్మ, ఆడికెళ్లి వరుసగ రావాలె. మా పెద్దల కాన్నుంచి అట్లనే."

"ఏమంటున్నాడు? ఏమైనా అభ్యంతరమా?" అని ఆవిడ అడిగింది.

పిల్లలూ, నా సర్వీసులో నేనెన్నో తప్పులు చెప్పాను. రాజుల వరస తారుమారు చేశాను, ఒక శతాబ్దాన్ని పూర్తిగా ఎగరగొట్టాను. అవన్నీ తెలియక చెప్పినవి. తెలిసి చెప్పింది ఇదొక్కటే.

"వెలుతురు సరిపోదేమో అంటున్నాడు. నో ప్రాబ్లం" అన్నాను.

ఎండ ఫెళ్లున కాస్తోంది. ఆవిడ ఒకసారి ఆకాశం వంక చూసి, కెమెరా సర్దుకుంది. ముసలాయన జీపు వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ జీపు వంక చూశాడు. పటాన్ని రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకుని, మధ్యకు విప్పాడు.

ఎర్రటి నేల మీద పసుపుపచ్చని పులి. గుండ్రటి కళ్లు. దాని వీపు మీద మీసాల మనిషి. ముసలాయన పాడాడు, భార్య వంత పాడింది. పది నిమిషాలు, మహా అయితే పావుగంట. ఆవిడ ఫొటోలు తీసుకుంది. మూడున్నర కావస్తుంటే నేను మణికట్టు పైకెత్తాను.

"చాలు తాతా. చుట్టెయ్యండి."

మద్దెల ఆగిపోయింది. "మంగళమన్న పాడనియ్యుండ్రి సారూ" అన్నాడు ముసలాయన.

"మళ్లీ వచ్చినప్పుడు పాడుదువుగానిలే."

జీపు కదులుతుంటే కులపెద్ద ఎంగిలి చేతితో ఇంట్లోంచి పరుగున వచ్చాడు. చెయ్యి పైకెత్తి ఏదో అరుస్తున్నాడు. వీడ్కోలనుకుని నేనూ చెయ్యూపాను. నాలుగుకు మూడు నిమిషాల ముందు జీపును ఆఫీసు ముందు నిలబెట్టాం. మేనేజరు గడియారం చూసి, "గుడ్" అన్నాడు.

మర్నాడు పొద్దున కౌంటరు తెరిచేసరికి మెట్ల మీద ముసలాయనా భార్యా కూర్చుని ఉన్నారు. పటం చుట్ట ఆయన భుజం మీదే ఉంది. లోపలికి రమ్మంటే వచ్చారు, కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. పటం బల్ల మీద పెట్టుకొమ్మన్నా పెట్టలేదు.

"ఊరోళ్లు మమ్ముల ఎల్లగొట్టిండ్రు సారూ."

నాకు అర్థం కాలేదు. ఆయన నింపాదిగా చెప్పాడు. కథలో పులి తర్వాతనే బట్ట పుడుతుంది. తామర తూడులోంచి నారతీసి, మొదటి పోగు పేని, మొదటి మగ్గం నిలిపి, లోకానికి తొలి గుడ్డ నేసే బొమ్మలన్నీ పులికి కిందనే ఉన్నాయి. నేను చుట్టెయ్యమన్నది వాటికి ముందు. నేతవాళ్ల వాడలో బట్ట పుట్టకముందే కథ ఆగిపోయింది. తెరిపించినవాళ్లు లేకుండా దాన్ని మళ్లీ మొదలుపెట్టకూడదట. తెల్లవారుజామున గుడ్డలు తీసి మగ్గాల్లో దిగితే నలుగురి ఇళ్లలో పడుగు తెగిందట.

"పులి కాడ ఆపినవు, ఇగ లోకమంత బట్టల్లేక బరివాతల ఉండాల్నా అన్నడు పెద్దమనిషి. ఇచ్చే త్యాగం ఇయ్యం, మల్ల మా గడప ఎక్కకు అన్నడు." త్యాగమంటే కథ చెప్పినందుకు ఏటా ఇచ్చే వడ్లూ బట్టలూ. "మాకు ఏడూర్లున్నయి సారూ. మా తాత నాటియి. ఒక్క ఊరు ఎల్లగొట్టిందంటే కడమ ఆరూర్లు ఎనకనే తలుపులు మూస్తయి. ఇగ ఈ పటం గంగల కలుపుడే."

"మరి నిన్న నాకు గట్టిగా చెప్పొద్దా తాతా?"

ఆయన భార్య కల్పించుకుంది. "జీపు దిగినవు. సర్కారనుకున్నం. సర్కారుకు రొండుసార్లు చెప్తరా బిడ్డా?" అంది.

నన్ను చూసి ఎవరూ ఎన్నడూ సర్కారనుకోలేదు. మా ఆఫీసు బంట్రోతు కూడా అనుకోలేదు. అనుకున్నవాళ్లిద్దరూ అలా నా ముందు నిలబడ్డారు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"తెరిపిచ్చినోళ్లు వచ్చి కూసోవాలె. సురువుకెళ్లి మంగళం దాక. తెరిపిచ్చినోళ్లను ఇయ్యాల పొద్దు వంగేటాలకు పట్కరా, లేకుంటె నీ తొవ్వ నువ్వు పట్టు అన్నడు పెద్దమనిషి. నువ్వూ, దొరసానమ్మా."

దొరసానమ్మ అప్పటికి కాజీపేట స్టేషన్లో ఉంది. మద్రాసు బండి మధ్యాహ్నానికి.

మేనేజరుకు చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇది మన శాఖ పరిధిలోకి రాదయ్యా" అన్నాడు. శాఖ పరిధి ఒక గది, ఒక కౌంటరు, ఒక జీపు కాబట్టి ఆ మాటా నిజమే. బయటికొచ్చేసరికి డ్రైవరు జీపు చక్రాన్ని కాలితో తన్ని చూస్తున్నాడు.

"టైర్ల గాలి తక్కువున్నది సారూ. కాజీపేటల మంచిగ కొడ్తరు. ఎక్కుండ్రి." మేనేజరుకు వినబడేలా అని, నాకు మాత్రమే వినబడేలా, "ఈసారి అడగకముందే చెప్తాన" అన్నాడు.

బండి గంట ఆలస్యమని బోర్డు మీద రాశారు. రైలు ఆలస్యానికి నేను సంతోషించింది జీవితంలో అదొక్కసారే. ఆవిడ ప్లాట్‌ఫారం బెంచీ మీద పెట్టె పక్కన పెట్టుకుని అరటిపండు తింటోంది. నన్ను చూసి నవ్వింది, వీడ్కోలుకు వచ్చాననుకుంది.

దారంతా ఇంగ్లీషులో కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి తేలికైన మాటల్లోనే చెప్పాను. నిన్న ఆ ముసలాయన మధ్యలో తెరవకూడదన్నాడు. మంగళం పాడనిమ్మన్నాడు. నేను మీకు చెప్పలేదు. ఇప్పుడు ఆయన ఊరు పోతోంది.

ఆవిడ అరటిపండు తొక్కను మడిచి మడిచి చిన్నది చేసింది.

"వెలుతురు బాగాలేదన్నాడని చెప్పావు."

"చెప్పాను."

"నేను ఆకాశం చూశాను. అబద్ధమని అప్పుడే తెలిసింది. కానీ నాకూ ఫొటో కావాలనిపించింది. అందుకే ఊరుకున్నాను." తొక్కను పక్కన పెట్టి, "కాబట్టి ఇద్దరం చేశాం" అంది.

నేను తిట్లకు సిద్ధపడి వెళ్లాను. తప్పులో వాటా తీసుకుంటుందని అనుకోలేదు. తిడితేనే తేలిగ్గా ఉండేది.

"ఎన్ని రోజులు?"

"మూడు."

ఆవిడ సంచిలోంచి ఒక చిన్న పుస్తకం తీసి తేదీలు చూసుకుంది. మద్రాసు నుంచి విమానం రోజు మారదు. మూడు రోజులు ఇక్కడుంటే పోయేది కంచి. పెదవులు బిగించి ఆ పేజీ వంక చాలాసేపు చూసింది. ఆ ఒక్కసారికి 'నో ప్రాబ్లం' అనకుండా ఉండగలిగాను.

"మా బడిలో ఒక పిల్ల ఉండేది. గజం గుడ్డ నేసి, మిగతాది విసుగని పడుగు మధ్యలో కత్తిరించేసింది. నేసిన గజమూ పనికి రాలేదు, పోగులు జారిపోయి. ఆ పిల్లను నేను చాలా తిట్టాను" అంది. పుస్తకం మూసి, పెట్టె పిడి నా చేతికిచ్చింది. "పద. పెట్టె నువ్వే మొయ్యి."

ఆ పెట్టె బరువు ఇప్పటికీ నా భుజానికి గుర్తుంది. ఆవిడ దాంట్లో వరంగల్ జంపఖానాలు నాలుగు కుక్కింది.

జీపును ఆఫీసు ముందునుంచే పోనిచ్చి, ముసలివాళ్లిద్దరినీ ఎక్కించుకున్నాం. ఊరికి చేరేసరికి పొద్దు వంగుతోంది. ఆవిడను చూసి కులపెద్ద ముఖం కొంచెం మెత్తబడింది. నన్ను చూసి మళ్లీ గట్టిపడింది.

"తాంబూలం ఎవలు పడ్తరు?"

కథ తెరిపించేవాళ్లు పటం వాళ్లకు తాంబూలం ఇచ్చి అడగాలి. నిన్న నేను గడియారం మాత్రమే చూపించాను. పెద్దవ్వ ఆవిడ చేతిలో ఆకులూ వక్కలూ పెట్టి, ఎలా పట్టాలో వేళ్లు సర్ది చూపించింది. ఆవిడ వంగి ఇచ్చింది. ముసలాయన తీసుకుని పటాన్ని మొదటి నుంచి విప్పాడు. గణపతి.

"నువ్వు ముంగట కూసో" అన్నాడు పెద్దమనిషి నాతో. "గడియారం కానొచ్చేటట్టు."

అలా మొదలైంది నా శిక్ష. సగం పూట మగ్గం ఆపి వచ్చి కూర్చున్న నేతవాళ్లకు అది నా వల్ల పడ్డ శిక్ష. ఆ సంగతి వాళ్లు మొహమాటం లేకుండా నాకు చెబుతూనే ఉన్నారు. "గియ్యాల్టి సగం చీర సారు ఖాతల రాయుండ్రి" అన్నాడొకాయన. మొదటి రోజు ఒక ఋషి తపస్సులో ఉండగా నేనూ కళ్లు మూశాను. పెద్దవ్వ విసనకర్ర కాడతో నా వీపున పొడిచి, "సర్కారుకు నిద్దరొచ్చింది, లేపుండ్రి" అంది.

ఆవిడ కోసం చెవిలో మెల్లగా అనువాదం చెబుతున్నాను. ఓ గంటయ్యాక ఆవిడ నా మోచేతి మీద చెయ్యేసి, "చెప్పకు. నువ్వు చెబుతుంటే చూడలేకపోతున్నాను" అంది. గైడు పనిలో చేరాక మొదటిసారి ఉద్యోగం పోయినంత పనైంది. కానీ నోరు మూసుకున్నాక నాకూ కథ వినబడటం మొదలైంది.

ఆ రాత్రి ఇంట్లో మా అమ్మకు భయపడుతూనే చెప్పాను, పురాణం వింటున్నానని. అమ్మ చర్చిలో ముందు వరస మనిషి. అన్నం వడ్డిస్తూ, "కత ఇంటే పోయే ఇస్వాసమైతే ఎప్పుడో పోయేటిది గదరా. ఇని రా. మళ్ల మధ్యల లేచి రాకు" అంది.

రెండో రోజు పొద్దు గుంకే వేళకు ముసలాయన మరో బొమ్మ విప్పాడు. పసుపుపచ్చని పులి. గుండ్రటి కళ్లు.

మద్దెల ఆగింది. వంత ఆగింది. ముసలాయన చేతికర్రను పులి మీద ఆనించి నా వైపు తిరిగాడు. వాడకట్టంతా నా వైపు తిరిగింది. ఆవిడ కూడా తిరిగింది.

"సారూ," అన్నాడు ఆయన ఎంతో వినయంగా, "ముంగటికి పోవాల్నా? ఆపాల్నా?"

అందరూ పగలబడి నవ్వారు. పెద్దవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. డ్రైవరు జీపు బానెట్ మీద వాలిపోయి నవ్వాడు. ఎన్నడూ నవ్వని పెద్దమనిషి నోట్లోంచి ఆకు రసం కారింది. నేను మణికట్టు నుంచి గడియారం విప్పి జేబులో వేసుకున్నాను.

"పో తాతా" అన్నాను.

మూడో రోజు బట్ట పుట్టింది. తామర తూడు, నార, పోగు, మగ్గం, గుడ్డ. ఒక్కో బొమ్మ వచ్చినప్పుడల్లా నేతవాళ్లు తమ పెరట్లోని సంగతి విన్నంత చనువుగా తలలూపారు. ఆవిడ అయితే చట్రం దగ్గరికి జరిగి, బొమ్మలోని మగ్గాన్నీ, అడ్డపోగు విసిరే నాడెనూ చూసి, "నాడె తప్పు చేతిలో ఉంది" అంది. నేను అనువదించక తప్పలేదు. వాడకట్టులో పెద్ద వాదం లేచింది. ఎడమచేతి వాటం వాడై ఉంటాడని పెద్దవ్వ తీర్పు చెప్పింది. దీపం పెట్టే వేళకు మంగళం పాడారు. పెద్దమనిషి కొత్త ధోవతి, కొత్త చీర తెచ్చి ముసలాయన చేతుల్లో పెట్టాడు.

"ఊరు నీదేనయ్యా. వచ్చే యేడు అమాసకు రా" అన్నాడు. నా వైపు చూసి, "సారును తోలకరాకు" అన్నాడు.

ఆ మాట అంటూనే నా ముందుకూ ఒక తువ్వాల చాచాడు. అది నవ్వులాటో, మన్నింపో నాకు తేలలేదు. తీసుకున్నాను.

అక్కడ మంగళం పాడారు, ఇక్కడ మేనేజరు నా ఉద్యోగానికి పాడబోయాడు. మూడు రోజులు జీపు నాలుగింటికి రాలేదు. 'అనుమతి లేకుండా విధులు మాని పురాణ కాలక్షేపం చేసినందుకు సంజాయిషీ ఇవ్వవలసినది' అని మెమో ఇచ్చాడు. నా మొదటి మెమో అది. జరిగిందంతా మొదటి నుంచి చివరిదాకా తొమ్మిది పేజీలు రాసిచ్చాను. ఆయన రెండు పేజీలు చదివి, మిగతావి తిప్పి చూసి, "ఇక చాలు" అని ఫైలు మూసేశాడు. ఆయన పులి దాకా కూడా రాలేదు. శిక్షేమీ పడలేదు. ఆయనకు ముగింపు తెలియకపోవడమే కారణమని నా అనుమానం.

మంగళం పాడిన మర్నాడే ఆవిడ మద్రాసు బండెక్కింది. కంచి చూడలేదు. కొన్ని నెలలకు స్వీడన్ నుంచి మందపాటి కవరు వచ్చింది. పెద్ద సైజు రంగుల ఫొటో, రెండు ప్రతులు. ఒకటి నాకు, ఒకటి ముసలాయనకు. పులిని మధ్యలో తెరిపించిన రోజు తీసినది. ఫొటో నిండా పులి, ఎర్రటి నేల, మీసాల మనిషి, పక్కన కర్ర పట్టుకున్న ముసలాయన. వెలుతురు అద్భుతంగా ఉంది. కుడివైపు మూలన తెల్లచొక్కా వేసుకున్న ఒక పాతికేళ్లవాడు. అంత పులి ఎదురుగా ఉంటే వాడు తల వంచుకుని మణికట్టు చూసుకుంటున్నాడు.

మరుసటి ఏడు అమావాస్యకు, ముసలాయనకు పంపిన ప్రతి పట్టుకుని ఆ ఊరు వెళ్లాను. పెద్దమనిషి వద్దన్నా వెళ్లాను. ముసలాయన ఫొటోను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. మురిసిపోతాడనుకున్నాను.

"మంచిగున్నది సారూ. కనీ ముంగట లేదు, ఎనక లేదు. నడిమిట్ల తునక. ఇది మా ఇంట్ల ఉండద్దు." రెండు చేతులా నాకు తిరిగి ఇచ్చేశాడు. "నీ కాడనే ఉంచు. ఎవలన్న అడిగితే ముంగటిది, ఎనకటిది నువ్వు చెప్పు."

అందుకే ఆ ఫొటోలు రెండూ మా ఇంట్లోనే ఉన్నాయి. ఒకటి పెట్టెలో, ఒకటి ముందు గది గోడ మీద. మీలో మా ఇంటికొచ్చినవాళ్లు చూసే ఉంటారు. "ఈ పులేంటి సార్?" అని అడిగినవాళ్లకు నేను టీ ఇచ్చి పంపించేశాను. ఎందుకంటే మీరు అడిగేటప్పుడు నిలబడి ఉంటారు, ఒక కాలు గడప బయట ఉంటుంది.

ఇవాళ మీరు గణపతి దగ్గర నుంచి వచ్చి, పులి దాటి, ఇక్కడిదాకా కూర్చున్నారు. ఇక లేవొచ్చు.